గంట దూరం

"మీ ఊరు ఎంత దూరమండీ?" అని ఎవరైనా అడిగితే మనం కిలోమీటర్లలో జవాబు చెపుతాం. నేనూ చాలాకాలం అలాగే చెప్పేవాణ్ణి. నేను పాఠాలు చెప్పుకుంటూ ఉండే రాజమహేంద్రవరం నుంచి అమలాపురానికి సుమారు 65 కిలోమీటర్లు. మా అమ్మ ఉండే లంక నుంచి అదే అమలాపురానికి 20 కిలోమీటర్లకు లోపే. కాబట్టి అమలాపురానికి నాకంటే మా అమ్మే దగ్గర. చిన్నపిల్లవాడైనా చెప్పగల లెక్క ఇది. నిరుడు శ్రావణమాసంలో ఒక రాత్రి ఈ లెక్క తప్పింది.

ఆ రాత్రి 9-50కి పొరుగింటి కుర్రవాడు ఫోను చేశాడు. "బాబాయ్, నాయనమ్మకి గుండెల్లో నొప్పంటోంది. ఒళ్ళంతా చెమటలు పోస్తున్నాయి. అంబులెన్సుకి చెప్పాం. నువ్వు తిన్నగా అమలాపురం వచ్చెయ్" అన్నాడు. చొక్కా తొడుక్కుని ఒక మిత్రుడి కారులో బయలుదేరాను. రావులపాలెం దాటి, కొత్తపేట మీదుగా అమలాపురం చేరేసరికి 11-40 అయింది. ఆసుపత్రి మెట్లెక్కి, అమ్మ ఏ గదిలో ఉందని అడిగాను. అటువంటి వారెవరూ ఇంకా రాలేదన్నారు.

అమ్మ వచ్చింది 12-50కి. 65 కిలోమీటర్ల అవతల నుంచి వచ్చిన కొడుకు, 20 కిలోమీటర్ల నుంచి రావలసిన తల్లికోసం గంటా పది నిమిషాలు గుమ్మంలో నిలబడ్డాడు. అంతసేపు నిలబడటమంటే ఏమిటో అనుభవించినవారికి చెప్పనక్కరలేదు, అనుభవించనివారికి చెప్పి ప్రయోజనం లేదు.

ఆ మూడుగంటలు ఏమైపోయాయో తరవాత ఆ కుర్రవాణ్ణి కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నాను. అమ్మను కదిలించి నులకమంచం మీద పడుకోబెట్టడానికి 10 నిమిషాలు. నలుగురు మోసుకుని రేవుకు చేరడానికి 25 నిమిషాలు. చీకటి పడితే పడవ నడవదు. పడవ ఆసామీ ఇల్లు అవతలి గట్టున. అతన్ని లేపి, పడవ గొలుసు విప్పించి, ఇవతలికి రప్పించేసరికి గంటా 5 నిమిషాలు. ఏరు దాటడానికి 25. బురదలో గట్టెక్కడానికి 15. అక్కడి నుంచి అమలాపురానికి 40. వెరసి 180 నిమిషాలు. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. అంబులెన్సు కబురందిన అరగంటలో అవతలి గట్టుకు వచ్చి నిలబడిందట. దాని దీపం తిరుగుతూ రేవులోని మనుషుల మొహాలమీద పడుతూనే ఉన్నదట. మధ్యన ఉన్నది పట్టుమని పావు కిలోమీటరు నీళ్ళు.

మూడోరోజున డాక్టరుగారు నన్ను పిలిచి, "ఈసారికి గట్టెక్కారండీ. మళ్ళీ ఇలాంటిది వస్తే మాత్రం గంటలోపల ఆవిడ నా ఎదుట ఉండాలి" అన్నారు. తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి గనక "గట్టెక్కడం" అనే మాటను వందసార్లు వివరించి ఉంటాను. దాని అర్థం నాకు ఆ వారమే బోధపడింది.

గంట. ఆ మాట నన్ను పట్టుకుంది.

మా కళాశాలలో భూగోళశాస్త్రం చెప్పే మిత్రుడొకడున్నాడు. వాడితో ఈ సంగతి చెపితే కంప్యూటరు తెరచి ఒక పటం చూపించాడు. అమలాపురం చుట్టూ రంగులు వలయాలుగా పరుచుకున్నాయి. అరగంటలో చేరగల ఊళ్ళు ఒక రంగు, గంటలో చేరగలవి ఒక రంగు, రెండుగంటలవి మరొకటి. ఈ రంగుల అంచులనే సమకాల రేఖలంటారట. ఒక రేఖమీద ఉన్న ఊళ్ళన్నిటికీ ప్రయాణకాలం సమానం. దూరాలు సమానం కావు. రోడ్డు వెంట రేఖ పొడుగ్గా సాగుతుంది, ఏరు అడ్డమొచ్చినచోట ముడుచుకుంటుంది.

ఈ విద్య కొత్తదేమీ కాదు. 1881లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆంగ్లేయుడు లండను నుంచి భూమిమీద ఏ చోటికి ఎన్ని రోజుల ప్రయాణమో రంగులు వేసి పటం గీశాడు. పది రోజుల లోపు ఒక రంగు, నలభై రోజులు దాటితే మరొక రంగు. ఇప్పుడు రోజులు పోయి నిమిషాలు వచ్చాయి. పటాన్ని చిన్నచిన్న గళ్ళుగా విడగొడతారు. ఒక్కొక్క గడి దాటడానికి ఎంతసేపు పడుతుందో వేస్తారు. తారురోడ్డయితే ఇంత, పుంతదారి అయితే ఇంత, కొండ ఎక్కాలంటే ఇంత. ఏ గళ్ళమీదుగా పోతే మొత్తం నిమిషాలు తగ్గుతాయో యంత్రం వెతికి చెపుతుంది. 2018లో కొందరు శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని భూగోళమంతటికీ వర్తింపజేశారు. యాభైవేలకు పైగా జనం ఉన్న పట్టణానికి గంటలో చేరగలవారు ప్రపంచంలో నూటికి 80 మంది అని తేల్చారు. సంపన్న దేశాలలో నూటికి 90, బీద దేశాలలో నూటికి 50. అమలాపురంలో 2011 లెక్కల ప్రకారమే జనం యాభైవేలు దాటారు. అంచేత అదీ పట్టణమే.

"ఇదిగో మీ లంక. గంట వలయంలోనే ఉంది. నీకు దిగులెందుకు?" అన్నాడు మావాడు.

పటంలో మా అమ్మ ఎనభై మందిలో ఉంది. ఆ రాత్రి మాత్రం ఇరవై మందిలో ఉంది. ఈ తేడా ఏమిటో స్వయంగా చూడాలనిపించింది. ఒక నోటుబుక్కు, చేతిగడియారం పెట్టుకుని ఆ దారిని కొలవడానికి బయలుదేరాను.

నిజానికి దూరాన్ని కాలంతో కొలవడం మన పెద్దలకు తెలియనిది కాదు. ఆమడ, క్రోసు అనే కొలతలున్నా, దారి చెప్పేటప్పుడు వాడిన మాటలు వేరు. "పూట ప్రయాణం" అన్నారు. "జాముపొద్దుకి చేరతావు" అన్నారు. గడియ అంటే 24 నిమిషాలు, జాము అంటే మూడుగంటలు. గోదావరి పడవలవాళ్ళు "రెండు చుట్టలు కాల్చేంత దూరం" అని చెప్పగా నా చిన్నతనంలో విన్నాను. అన్నిటికంటె చక్కనిది "కూతవేటు దూరం." మనిషి కేక వేస్తే వినిపించేటంత మేర. ఈ మాట దగ్గరకు మళ్ళీ వస్తాను.

ఇక మా లంక. దాని పేరు చెప్పను. గోదావరి పాయలమధ్య అలాంటి లంకలు చాలా ఉన్నాయి గనక ఏదనుకున్నా ఒకటే. అది పి. గన్నవరం మండలంలో, వసిష్ఠ నుంచి వైనతేయ చీలే ప్రాంతానికి దగ్గరలో ఉంది. వినత కొడుకు వైనతేయుడు. అంటే గరుత్మంతుడు. వేగానికి మారుపేరైన ఆ పక్షిరాజు పేరు పెట్టుకున్న ఏటి ఒడ్డున మేము పడవకోసం గంటలకొద్దీ కాచుకుంటాం!

మొదటి కొలత ఫాల్గుణమాసంలో. అప్పటికి అమ్మ తిరిగి లంకకు వెళ్ళిపోయింది. ఆసుపత్రి నుంచి మా ఇంటికి తీసుకొచ్చి నాలుగునెలలు ఉంచుకున్నాం గాని, సంక్రాంతికి వెళ్ళితీరతానని పట్టుపట్టింది. ఫాల్గుణంలో మా పాయ ఎండి ఉంటుంది. ఇసుకమీద మట్టి, రాళ్ళు పోసి ఊరివాళ్ళు బాట వేసుకుంటారు. అమ్మ వీధి అరుగుమీద నుంచి ఆటోలో బయలుదేరాను. పాయ దగ్గరకు 8 నిమిషాలు. ఇసుకబాటమీద 6. ఏటిగట్టెక్కి అంబాజీపేట మీదుగా అమలాపురం ఆసుపత్రి గుమ్మానికి 34. మొత్తం 48 నిమిషాలు. దారి పొడుగునా రెండువైపులా కొబ్బరిచెట్లు, కాలవలో మబ్బుల నీడలు. పటం నిజమే చెప్పింది. మిత్రుడికి ఫోను చేసి క్షమాపణ కూడా చెప్పుకున్నాను.

రెండో కొలత ఈ ఏటి శ్రావణంలో. అమ్మను నెలవారీ పరీక్షకు తీసుకువెళుతూ, పట్టపగలే కొలిచాను. మొదటి వరదకే ఇసుకబాట కొట్టుకుపోయింది. మా వైపు ఇది ఏటా ఉండేదే. రేవుకు 8 నిమిషాలు. పడవ నిండేదాకా కాచుకున్నది 25. ఏరు దాటడానికి 12. గట్టెక్కడానికి 5. ఆటో దొరకడానికి 10. అమలాపురానికి 35. మొత్తం 95 నిమిషాలు. దారి అదే, దూరం అదే, మనిషి అదే. ఫాల్గుణంలో గంట వలయంలోపల ఉన్న ఇల్లు శ్రావణానికి బయటికి పోయింది. ఇల్లు కదలలేదు, గీత కదిలింది.

పడవలో నా రాతకోతలు చూసి ఆసామీ నవ్వాడు.

"ఏంటండి మేష్టారూ, టైము రాత్తన్నారా?"

"అవును. ఏరు దాటడానికి ఎంతసేపు పడుతుందో చూస్తున్నాను."

"ఆయ్. అది నన్నడిగితే చెప్పనాండి? ఇయ్యాల పన్నెండు నిమిషాలు. రేపు నీరు పెరిగిందనుకోండి, పైకి ఎదురెక్కి అక్కణ్ణించి వాలులో వదిలెయ్యాల. పాతిక పడద్ది. మీరు ధవళేశ్వరం కాడ ఎన్నడుగులుందో చెప్పండి, ఎన్ని నిమిషాలో నేను చెప్తాను."

నేను ఆశ్చర్యపోయాను. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు లంకల్లో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. 1986 ఆగస్టు వరద చూసినవారు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు. 2022 జులైలో మళ్ళీ మూడో హెచ్చరిక దాటింది. ఆ అడుగుల అంకెను నిమిషాల్లోకి మార్చే సూత్రం ఈ ఆసామీ బుర్రలో ఉంది. ఏ కాలేజీలోనూ చదవకుండా మా భూగోళం మిత్రుడి పటంలో లోటేమిటో కనిపెట్టేశాడు. పటానికి ఒకే ఋతువు. ఏటికి ఆరు.

పటంలో లేనివి ఇంకా రెండు ఉన్నాయి. ఒకటి నిరీక్షణ. నా 95 నిమిషాల్లో 35 నిమిషాలు ఊరికే నిలబడ్డవి. బండి ఎంత వేగంగా పోతుందో లెక్క వేసేవారు, అది వచ్చేదాకా మనిషి ఎంతసేపు నిలబడతాడో కొన్ని పటాల్లో వేస్తారు, కొన్నిట్లో వదిలేస్తారు. రెండోది రాత్రి. నిరుటి 180 నిమిషాల్లో పడవకోసం పోయిందే 65.

అదే పడవలో ఇంటర్మీడియెట్ చదివే ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని చెప్పులు చేత్తో పట్టుకుంది. "మీకు ఎంతసేపు పడుతుందమ్మా?" అన్నాను. "మాఘంలో అయితే ముప్పావుగంటండి. ఇప్పుడు గంటన్నర దాటుద్దండి. ఈ మూడునెలలూ మొదటి పీరియడు నాకుండదండి" అంది. హాజరుపట్టీ ముందేసుకుని ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని గుమ్మంలో నిలబెట్టి సంజాయిషీ అడిగిన నా ఇరవైయేళ్ళ ఉద్యోగం గుర్తొచ్చింది. తల వంచుకున్నాను.

ఈ గీతల విషయంలో న్యాయంగా చెప్పుకోవలసింది మరొకటి ఉంది. గీత లేకపోతే ప్రభుత్వాలకు పని సాగదు. "ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు" అని లెక్క వేయాలంటే ఎక్కడో ఒకచోట గీయాలి. 2015లో వైద్యనిపుణుల సంఘమొకటి, కాన్పు ఆపరేషను వంటి అత్యవసర శస్త్రచికిత్సలు చేసే ఆసుపత్రి రెండుగంటల ప్రయాణంలో ఉండాలని హద్దు పెట్టింది. విద్యాహక్కు చట్టం కింద 2010లో వచ్చిన నిబంధనలు చిన్నపిల్లల బడి ఒక కిలోమీటరు నడకలో ఉండాలన్నాయి. మంచిదే. కాని గీతకు లోపల 59 నిమిషాల్లో ఉన్నవాడు "అందినవాడు" అవుతాడు, బయట 61 నిమిషాల్లో ఉన్నవాడు "అందనివాడు" అవుతాడు. రెండు నిమిషాల్లో మనిషి రాత మారిపోతుందా? 1959లోనే అమెరికాలో వాల్టర్ హాన్సెన్ అనే ఆయన, అందుబాటు అనేది గోడలాగా ఒకచోట తెగిపోదనీ, దూరం పెరిగేకొద్దీ మెల్లమెల్లగా సన్నగిల్లుతుందనీ లెక్క కట్టాడు. దీపం వెలుగులాగ అన్నమాట. అయితే ఆ లెక్క చెప్పడం కష్టం. "గంటలోపు ఇంతమంది" అంటే మంత్రిగారికీ అర్థమవుతుంది, మా అమ్మకీ అర్థమవుతుంది. అందుకే గీత నిలిచింది.

గీతను జరపడానికి మార్గాలు రెండు. ఆ రెండూ మా కోనసీమవాళ్ళు కళ్ళారా చూశారు. నా చిన్నతనంలో జిల్లా కచేరీ కాకినాడలో ఉండేది. మా నాన్నగారు భూమి కాగితాల పనిమీద నన్ను వెంటబెట్టుకుని కోడి కూసేవేళ బయలుదేరేవారు. అమలాపురం నుంచి ఎదుర్లంక రేవు, అక్కడ గౌతమి దాటడానికి పంటు, ఆవల యానాం, మళ్ళీ బస్సు. కచేరీలో పని పది నిమిషాలు, ప్రయాణం రోజంతా. 2002లో యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన వచ్చింది. బాలయోగిగారి పేరు పెట్టారు. గౌతమి వెడల్పు ఒక్క గజం తగ్గలేదు గాని కాకినాడ దగ్గరకు జరిగింది. ఇది మొదటి మార్గం. 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయి అమలాపురమే కేంద్రమయింది. ఇప్పుడు కాగితాల పనికి గౌతమి దాటవలసిన అవసరమే లేదు. మనిషిని త్వరగా చేర్చడం ఒక పద్ధతి, కావలసినదాన్నే మనిషి దగ్గరకు తేవడం ఇంకొక పద్ధతి.

మా లంకకు వంతెన ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను. అంతదాకా అమ్మ సంగతి ఏమిటి?

ఆ సాయంత్రం అరుగుమీద కూర్చుని నోటుబుక్కు తెరచి అంతా వివరించాను. 48, 95, 180. "రాజమహేంద్రవరంలో మా ఇంటి నుంచి ఆసుపత్రికి 12 నిమిషాలమ్మా. వచ్చెయ్" అన్నాను.

అమ్మ ఒత్తి చేసుకుంటూ అంతా వింది. "బాగానే ఉందిరా. నువ్వు ఎన్నింటికి కాలేజీకి పోతావు?" అని అడిగింది.

"తొమ్మిదిన్నరకి."

"కోడలు బడికి?"

"ఎనిమిదిన్నరకి."

"వచ్చేది?"

"అయిదవుతుంది."

"మరి నువ్వు వీధి తలుపు దగ్గరికి లాక్కుని వెళ్ళిన పదినిమిషాలకి నాకు నొప్పి వచ్చిందనుకో. ఎవరు చూస్తారు? ఎదురింటావిడ పేరు కూడా నాకు తెలియదు. అక్కణ్ణించి మొదలుపెట్టి కూడు నీ లెక్క. ఇక్కడ ఆ రాత్రి నేను మూలిగితే గోడ అవతల పిల్లాడికి వినిపించింది."

నేను కూడాను. తొమ్మిదీ నలభై నుంచి అయిదు దాకా ఏడుగంటలా ఇరవై నిమిషాలు. దానిమీద 12. నా కొలత అంతా ఇంటి గుమ్మం నుంచి మొదలయింది. మా అమ్మ కొలత కేక దగ్గర నుంచి మొదలయింది. కూతవేటు దూరం అనే మాటను ఇన్నేళ్ళూ నిఘంటువులోనే చూశాను గాని, దానిలో ఇంత లెక్క ఉన్నదని నాకు తట్టలేదు.

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత రాజీకి వచ్చాం. పాయ ఎండి ఉన్న నెలల్లో, అంటే గంట వలయంలో ఉన్నంతకాలం, అమ్మ లంకలోనే ఉంటుంది. ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా మా దగ్గర ఉంటుంది. ఆ నాలుగునెలలూ పగటివేళ తోడుగా ఉండడానికి ఒక మనిషిని పెడతాం. ఎదురింటావిడ పేరు నేను కనుక్కుని చెప్పాలి. ఇది అమ్మ పెట్టిన షరతు.

మర్నాడు ఊళ్ళో నలుగురు పెద్దల్ని కూడగట్టి, నిరుటి 180 నిమిషాల పద్దు చదివి వినిపించాను. అందులో 65 నిమిషాల దగ్గర అందరూ ఆగారు. పడవ ఆసామీని పిలిపించారు. అతను తల గోక్కుని, "రాత్రిపూట పడవ లంక వైపే కట్టేత్తానండి. మా మేనల్లుడి ఇల్లు ఈ రేవుకాడే. తాళంచెవి, ఒక జత తెడ్లు ఆడికాడ ఉంచుతాను. నేను పొద్దున్నే చిన్నదోనెలో వచ్చి తీసుకుంటాను" అన్నాడు. ఖర్చు ఏమీ లేదు, ఒక తాళంచెవి. లెక్క వేసి చూస్తే 180 కాస్తా 115 అవుతుంది. గంట వలయంలోకి రాలేదు. అయినా మా అమ్మ ఒక్కతేనా? ఆ లంకలో పురిటికి సిద్ధంగా ఉన్న కోడళ్ళున్నారు, తేలు కుట్టే కుర్రవాళ్ళున్నారు. 65 నిమిషాలు ఎవరికి పనికొస్తాయో ఎవరు చెప్పగలరు?

మిత్రుడికి ఈ అంకెలన్నీ రాసి పంపాను. వాడు మా లంకకు రెండు పటాలు గీస్తానన్నాడు, ఒకటి ఫాల్గుణానికి, ఒకటి శ్రావణానికి. రాత్రికి మూడోది కూడా గియ్యమన్నాను.

ప్రస్తుతం శ్రావణం గనక అమ్మ మా ఇంట్లో ఉంది. ఎదురింటావిడ పేరు కనుక్కోవడం నా వల్ల కాలేదు. అమ్మే మొన్న వెళ్ళి పలకరించి, ఒక కొబ్బరికాయ ఇచ్చి వచ్చింది. ఇప్పుడు రెండిళ్ళ వీధి తలుపులూ పగలంతా తెరిచే ఉంటున్నాయి.